వలస దారిలో ఆడవాళ్ళ వాటా

(హైదరాబాదు గౌలిగూడలో జరిగిన స్మారకోపన్యాస సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటయిందో ఆ పంతులమ్మగారి దగ్గర చదువుకున్నవాళ్ళు ముందు వరసలో కనిపిస్తున్నారు. ఆవిడ సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఎవరైనా తనను పొగడబోతే హాజరు పట్టీ తెరిచి మాట మార్చే మనిషి కనుక ఆ పని నేను పెట్టుకోను. స్త్రీలు, వలస అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. గౌలిగూడకు వచ్చి వలస గురించి చెప్పడమంటే గౌలీల వాడకు పాలమ్మ వెళ్ళడమే. 1832లో రంజిత్ సింగ్ పంపిన లాహోరీ ఫౌజుతో దిగిన సిక్కుల వారసులు ఈ పేట గురుద్వారాకు వస్తారు. దేశ విభజన తర్వాత వచ్చిన సింధీలు, పంజాబీలు ఆబిడ్స్ చుట్టుపక్కల కొట్లు తెరిచారు. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టాక, ఇక్కడి బస్టాండయిన రేకుల హ్యాంగరే కొన్ని తరాల పాటు జిల్లాలవాళ్ళకు పట్నం గుమ్మం. తట్టా పారా, చంకలో పిల్ల, నెత్తిన సద్ది మూట పెట్టుకుని పాలమూరు ఆడవాళ్ళు దిగింది ఇక్కడే. ఆ హ్యాంగరు 2018 జులై 5న తెల్లవారుజామున దానంతటదే కూలింది. అంతకు కొద్ది రోజుల ముందే అందులో బస్సులు ఆపేశారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ పేటకు వచ్చి స్థిరపడ్డవాళ్ళ కథలు మీకు తెలిసినవే. నేను ఎంచుకున్నది ఇక్కడ స్థిరపడని వాళ్ళను. చలి మొదలు కాగానే మన ఊళ్ళలో స్వెటర్ల కొట్లు వేసి, సంక్రాంతి దాటాక మూటలు కట్టుకుని వెళ్ళిపోయే టిబెటన్ స్త్రీలను. మనలో చాలామంది వాళ్ళను "నేపాలోళ్ళు" అంటాం. వాళ్ళు దిద్దరు. దిద్దుతూ కూర్చుంటే బేరం పోతుంది.

హైదరాబాదు, విజయవాడ, విశాఖ, ఎక్కడ చూసినా ఈ కొట్లుంటాయి కాని, తెలుగు నేల మీద టిబెటన్ల శాశ్వత శిబిరం ఒక్కటీ లేదు. మనకు దగ్గరవన్నీ పొరుగు రాష్ట్రాల్లో ఉన్నాయి. మైసూరు రాష్ట్ర ప్రభుత్వం మూడు వేల ఎకరాల అడవి భూమి ఇస్తే 1960–61లో వెలసిన బైలకుప్పె, 1966 నాటి ముండగోడ, ఆ తర్వాతి హుణసూరు, కొళ్ళేగాల శిబిరాలు కర్ణాటకలో. ఒడిశాలో పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలోనే చంద్రగిరి, 1963 నాటిది. తెలుగు మాట వినబడేంత దూరంలో ఉన్నా మన పత్రికలు అటు తొంగి చూసింది తక్కువ.

ఇన్ని వలసలుండగా వీళ్ళే ఎందుకంటారేమో. దేశం చేజారిన ఒక చిన్న సమాజం అరవై ఏళ్ళకు పైగా పరాయి నేల మీద తన బడులు, తన ఎన్నికలు, తన మఠాలు తనే నడుపుకుంటోంది. వలసలో ఆడవాళ్ళకు ఏది ముందు దక్కింది, ఏది ఆలస్యంగా దక్కింది, ఏది ఇంకా దక్కలేదు అని ఏళ్ళ వారీగా చూడవచ్చు. ఇంత వరసగా లెక్క దొరికే మరో వలస నాకు తెలియదు. నా వాదన ముందే చెప్పేస్తాను. వలస ఆడవాళ్ళ చేతికి డబ్బు తొందరగానే ఇస్తుంది. పెత్తనం ఇవ్వదు. ఆ సమాజం తన మీద తానే ఒక నిబంధన రాసిపెట్టుకున్న చోట మార్పు నిలబడింది. ఇంటి సర్దుబాటుకు వదిలేసిన చోట జారిపోయింది.

1959కి ముందు టిబెట్‌లో ఆడవాళ్ళ పరిస్థితి గురించి రెండు అతిశయోక్తులు చలామణిలో ఉన్నాయి. అక్కడ స్త్రీ పూర్తి స్వేచ్ఛతో ఉండేదని ఒకటి, పూర్తి బానిస అని మరొకటి. రెండూ రాజకీయ అవసరాల కోసం పుట్టినవే. నిజం ఏమిటంటే రాజధాని లాసా బజారులో ఆడవాళ్ళ కొట్లుండేవి, దూర వ్యాపారంలోనూ వాళ్ళ చెయ్యి ఉండేది. పరదా లేదు. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవడం తప్పు కాదు. పన్ను కట్టే రైతు కుటుంబాల్లో అన్నదమ్ములంతా కలిసి ఒకే అమ్మాయిని పెళ్ళాడే ఆచారం ఉండేది. అది ఆమె కోరికను బట్టి వచ్చింది కాదు, భూమి ముక్కలు కాకుండా చూసుకోవడానికి వచ్చింది. ప్రవాసంలో పంచుకోవలసిన తాతల పొలమే లేదు కాబట్టి ఆ ఆచారమూ క్రమంగా పోయింది. పోయిందని సంబరపడేవాళ్ళుంటారు. ఆచారాన్ని పోగొట్టింది సంస్కర్తలు కారు, భూమి లేకపోవడమే అని గుర్తుంచుకుంటే చాలు. ఇక ప్రభుత్వ కొలువుల్లో, పెద్ద మఠాల్లో, శాస్త్ర చర్చల్లో ఆడవాళ్ళకు చోటు లేదు. వ్యాపారం ఉంది, అధికారం లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

1959 మార్చి 10న లాసాలో చైనా పాలన మీద తిరుగుబాటు. రెండు రోజులకే, మార్చి 12న, వేలమంది ఆడవాళ్ళు పోతల ప్రాసాదం ముందు గుమిగూడారు. ఆ తేదీనే ఇవాళ టిబెటన్ మహిళా దినంగా జరుపుకుంటారు. మార్చి 17 రాత్రి దలైలామా బయల్దేరి నెలాఖరుకు తవాంగ్ వైపు సరిహద్దు దాటారు. ఆయన వెనక దాదాపు ఎనభై వేల మంది. అస్సాంలో మిస్సమారి శిబిరం, బెంగాల్లో బక్సా. ఎత్తైన చలి ప్రదేశాలవాళ్ళు మన ఉక్కలో, మన దోమల మధ్య ఎలా వేగి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. ఆపైన పని ఇచ్చింది హిమాలయాల్లో రోడ్లు. రాయి కొట్టడం, మట్టి ఎత్తడం. ఆ పనిలో మగా ఆడా తేడా లేదు. పాలమూరు లేబరు గురించి తెలిసిన మనకు ఇది కొత్త కాదు. ఎండ దగ్గర, బరువు దగ్గర సమానత్వం ఎప్పుడూ ఎవరూ కాదనలేదు. కూలి దగ్గర, నిర్ణయం దగ్గరే పేచీ.

రోడ్డు పక్కన గుడారాల్లో పిల్లలు జబ్బుపడి పోతుంటే, 1960 మే 17న జమ్మూ రోడ్డు శిబిరాల నుంచి 51 మంది పిల్లలను ధర్మశాలకు తెచ్చారు. వాళ్ళ బాధ్యత తలకెత్తుకున్నది దలైలామా అక్క సెరింగ్ డోల్మా. 1964లో ఆవిడ పోయాక చెల్లెలు జెట్సున్ పెమా వచ్చి 2006 దాకా నడిపారు. ఆ పసిపిల్లల గదే టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ అనే పెద్ద బడుల వ్యవస్థ అయింది. మొదటి రోజు నుంచీ అందులో ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే తరగతిలో, ఒకే పాఠం. ఇది ఎవరో సమానత్వం మీద ప్రసంగం చేస్తే జరిగింది కాదు. బతికి ఉన్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ కావలసిన జాతి అది. ఒకరిని బడికి పంపి ఒకరిని ఇంట్లో కూర్చోబెట్టే స్తోమత దానికి లేదు. తల్లిదండ్రులు రోడ్డు మీద ఉంటే "ఇంట్లో ఉంచుకోవడానికి" ఇల్లే లేదు. ఆ బడుల నుంచే టీచర్లు, నర్సులు, గుమాస్తాలు అయిన ఒక తరం ఆడవాళ్ళు వచ్చారు. 1990లో జెట్సున్ పెమా ధర్మశాల నుంచి నడిచే టిబెటన్ ప్రవాస ప్రభుత్వ మంత్రివర్గానికి ఎన్నికయ్యారు, అందులో తొలి మహిళ ఆవిడే. పెద్దింటి ఆడపడుచు కదా, ఎందుకు కారు అని గొణిగేవాళ్ళు అక్కడా ఉండే ఉంటారు. మన శాసనసభల్లో తొలి తరం మహిళల ఇంటిపేర్లు చదివినవాళ్ళు ఆ గొణుగుడును కొట్టిపారేయలేరు. తలుపు తెరిచింది పెద్దింటి ఆడపడుచే అయినా, తర్వాత వచ్చినవాళ్ళ దారి వేరు.

ఇప్పుడు స్వెటర్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఆగాలి. ఆ కొట్టు లోపలి లెక్క మనలో ఎవరూ అడగలేదు.

శిబిరాల్లో ఇచ్చిన భూమి మీద మొక్కజొన్న వేశారు. వాన మీద ఆధారపడిన పంట, ఏటా కుటుంబం గడవడానికి చాలదు. పంట చేతికొచ్చాక ఖాళీ నెలలు. ఆ ఖాళీలో పుట్టిందే ఈ వ్యాపారం. మొదట్లో చేతి అల్లికలు. తర్వాత లూధియానా మిల్లు సరుకు. శీతాకాలానికి ముందు లూధియానా వెళ్తారు. అక్కడి హోల్‌సేల్ వ్యాపారులు చాలా సరుకు అరువు మీదే ఇస్తారు, సీజను ముగిశాక వీళ్ళు బాకీ తీరుస్తారు. హామీగా పెట్టడానికి పట్టా పుస్తకం లేదు. వ్యాపారుల సంఘం మాట, ఏటా తప్పని చెల్లింపు, అంతే హామీ. మన బ్యాంకుల్లో తాకట్టు లేకుండా అప్పు పుట్టించుకోవడానికి ఎన్నిసార్లు తిరగాలో తెలిసినవాళ్ళకు ఆ పరపతి విలువ అర్థమవుతుంది.

ఆ తర్వాత మూటలు రైలెక్కుతాయి. వచ్చిన ఊళ్ళో స్థలం అద్దె మాట్లాడుకోవాలి, షెడ్డు వేయించాలి, కరెంటు లాగించాలి, పోలీసులకు తమ రిజిస్ట్రేషన్ పుస్తకాల వివరాలివ్వాలి, ఉండడానికి గది చూసుకోవాలి. ఏ ఊళ్ళో ఏది పోతుందో గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాదు చలికి స్వెటరేమిటని ఉత్తరాది వాళ్ళు నవ్వుతారు గాని, బడి పిల్లల నేవీ బ్లూ స్వెటర్, తెల్లవారుజామున పాల ప్యాకెట్లు వేసేవాళ్ళ మంకీ క్యాప్, కొండకు వెళ్ళే ముసలివాళ్ళ శాలువా, ఇవి మనకు ఎంత అవసరమో ఆ కొట్టులో కూర్చున్న మనిషికి మనకంటే బాగా తెలుసు. బేరం లేదని అట్ట మీద రాసి పెడతారు. మన వాళ్ళు ఆ అట్ట కిందే నిలబడి బేరమాడతారు. "మూడొందల యాభై, లాస్ట్ అక్కా" అనేంత తెలుగు ఆమెకు వచ్చు. ఆ "అక్కా" కొనే మనిషి వయసుతో నిమిత్తం లేకుండా వస్తుంది.

ఆ కొట్లో గల్లా పెట్టె దగ్గర ఎక్కువగా కనిపించేది ఆడమనిషే. మగవాళ్ళు లేరని కాదు. భార్యాభర్తలిద్దరూ వచ్చే కుటుంబాలున్నాయి. కొందరు మగవాళ్ళు సైన్యంలో, టిబెటన్లతో 1962లో ఏర్పడిన ప్రత్యేక సరిహద్దు దళంలో ఉంటారు. పెద్ద కుటుంబాల్లో ఒకరైనా మఠంలో ఉంటారు. దానితో కొట్టు సహజంగానే ఆడవాళ్ళ మీద పడింది. పిల్లలు హాస్టల్లో, ముసలమ్మ శిబిరంలో, సీజన్లో ఇంటిల్లిపాదికీ డబ్బు వచ్చేది ఈమె చేతి మీదుగా.

ఇది చూసి చాలామంది, వలస ఆమెను విముక్తి చేసిందని రాస్తారు. నేనలా రాయను. లాసా బజారులో కూడా ఆమె కొట్టు పెట్టుకునే ఉంది కదా. ప్రవాసం ఆమెకు వ్యాపారం నేర్పలేదు. మిగతా ఆధారాలన్నీ పోయి ఇంటి నగదంతా ఆ వ్యాపారం మీదే పడింది, అంతే తేడా. దానితో ఆమె బరువు పెరిగింది. ఇంటి పని తగ్గిందా? శిబిరానికి తిరిగి వెళ్ళాక వంటా, ముసలివాళ్ళ సేవా ఎవరిదని అడిగితే జవాబు మన ఊళ్ళో జవాబులాంటిదే. మన పొదుపు సంఘాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1990ల్లో ఊరూరా సంఘాలు పెట్టినప్పుడు అప్పు ఆమె పేరున వచ్చేది, ఖర్చు ఆయన చేతి మీదుగా అయ్యేది, కిస్తీ మళ్ళీ ఆమే కట్టేది. డబ్బు చేతిలోంచి పోవడం వేరు, చేతిలో ఉండడం వేరు. ఆ తేడా తెలిసే కాబోలు, టిబెటన్ ప్రవాస మంత్రివర్గం 2008లో మహిళా సాధికారతకు ప్రత్యేకంగా ఒక విధానం రాసుకుంది. ఇళ్ళలో హింస గురించి, నాయకత్వంలో లోటు గురించి అందులో మాట్లాడవలసి వచ్చింది. సంపాదనతోనే అన్నీ సర్దుకుపోయి ఉంటే సంపాదించడం మొదలుపెట్టిన నలభై ఏళ్ళకు ఆ కాగితం ఎందుకు?

రాజకీయాల్లో కథ వేరుగా నడిచింది. ప్రవాస ప్రతినిధుల సభ 1960లో మొదలైంది. ఆ దశాబ్దం తొలి సగంలోనే టిబెట్‌లోని ఉత్సాంగ్, ఖామ్, ఆమ్దో ప్రాంతాలకు ఒక్కొక్క మహిళా స్థానం ప్రత్యేకంగా పెట్టారు. ఇవాళ 45 మంది సభలో ఒక్కో ప్రాంతానికి పదేసి స్థానాలుంటే, వాటిలో రెండేసి తప్పనిసరిగా మహిళలవి. మనం పంచాయతీల్లో మూడో వంతు రాసుకున్నది 1992 రాజ్యాంగ సవరణతో. పార్లమెంటుకు, శాసనసభలకు చట్టం చేసింది 2023లో, అది కూడా జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలన్న షరతుతో. దేశం లేనివాళ్ళు మనకంటే ముందున్నారు. అయితే మురిసిపోనక్కర్లేదు. మతశాఖల పేరున ఉన్న పది స్థానాల్లో భిక్షువులదే పైచేయి. రాజకీయ నాయకత్వానికి 2001 నుంచి నేరుగా ఓట్లు వేస్తున్నారు. 2021 దాకా జరిగిన ఏ ఎన్నికలోనూ ఆ కుర్చీకి మహిళ ఎన్నిక కాలేదు. గ్యారీ డోల్మా లాంటివారు ఉపసభాపతి, హోం మంత్రి పదవుల దాకా వెళ్ళారు. నిబంధన ఎంతవరకు రాశారో అంతవరకే మార్పు వెళ్ళి ఆగిందని గమనించండి. రాయని కుర్చీ దగ్గర పాత అలవాటే నడిచింది.

ఇంతకంటే విశేషమైనది భిక్షుణుల కథ. ఇది మన నేలతో ముడిపడింది కూడా. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చారు. బుద్ధుడు తొలిసారి కాలచక్రం బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ల నమ్మకం. కృష్ణ ఒడ్డున గుడారాల ఊరు వెలిసింది. గుంటూరు జిల్లా రైతులు ఎర్ర వస్త్రాల జనాన్ని వింతగా చూశారు. ఆ జనంలో గుండు చేయించుకున్న ఆడవాళ్ళు కూడా ఎందరో ఉన్నారు. మన వాళ్ళు చాలామంది వాళ్ళు మగవాళ్ళే అనుకున్నారు.

ఆ నేలకు మాత్రం భిక్షుణులు కొత్త కాదు. అమరావతి స్తూపం దాతల శాసనాల్లో భిక్షుణుల పేర్లున్నాయి. నాగార్జునకొండ మహాచైత్యం కట్టించింది ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి, మూడో శతాబ్దంలో. సొంత పేరున దానం చేసి, ఆ సంగతి రాతి మీద చెక్కించే స్తోమత ఆ ఆడవాళ్ళకు ఉంది. ఆచార్య నాగార్జునుడి పేరున వచ్చిన మధ్యమక శాస్త్రం టిబెట్ మఠాల చదువుకు గుండెకాయ. ఆ శాస్త్రాన్ని ఆడవాళ్ళు పై స్థాయిలో చదవడానికి మాత్రం పెద్ద చిక్కు వచ్చిపడింది. టిబెటన్ బౌద్ధ శాఖల్లో ఒకటైన గెలుగ్ సంప్రదాయంలో అత్యున్నత పట్టం గెషే. దానికి ప్రమాణ శాస్త్రం, ప్రజ్ఞాపారమిత, మధ్యమకం, అభిధర్మం, వినయం (సంఘ నియమావళి) అనే అయిదూ పూర్తిచేయాలి. పూర్తి భిక్షుణీ దీక్ష టిబెట్‌కు ఎప్పుడూ చేరలేదు. పూర్తి దీక్ష లేనివాళ్ళు వినయ శాస్త్రం పూర్తిగా చదవరాదని నియమం. వినయం చదవకపోతే పట్టం లేదు. ఎవరూ "ఆడవాళ్ళకు ఇవ్వం" అని అనలేదు. దారి మాత్రం ఎక్కడికక్కడ మూసుకుపోయి ఉండేది. ఆఫీసుల్లో పని చేసిన వాళ్ళందరికీ ఈ పద్ధతి బాగా పరిచయం.

1980ల్లో టిబెట్ నుంచి పారిపోయి వచ్చిన సన్యాసినుల్లో తమ పేరు కూడా రాయలేనివాళ్ళున్నారు. 1984లో టిబెటన్ మహిళా సంఘాన్ని మళ్ళీ నిలబెట్టాక, రింఛెన్ ఖాండో ఛోగ్యాల్ వంటివారు 1987లో సన్యాసినుల చదువు కోసం ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. ముండగోడలో జంగ్‌ఛుబ్ ఛోలింగ్, ధర్మశాల దగ్గర డోల్మా లింగ్ లాంటి మఠాల్లో అక్షరాల నుంచి తర్కం దాకా నేర్పారు. శాస్త్ర వాదం అంటే ఊరకే కూర్చుని మాట్లాడడం కాదు. నిలబడి, చప్పట్లు చరిచి, కాలు నేలకేసి కొట్టి, ఎదుటివాడి మాటలో పగులు పట్టుకోవాలి. ఆడపిల్ల గొంతు లేవకూడదని పెంచిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఇది ఎంత కష్టమో ఊహించండి. 1995 నుంచి మఠాల మధ్య వార్షిక వాద గోష్ఠులు పెట్టారు. 2012లో సన్యాసినులకు పట్టం ఇవ్వాలని నిర్ణయం జరిగింది. నాలుగేళ్ళ పరీక్షలయ్యాక, 2016 డిసెంబరు 22న ముండగోడలో, దలైలామా చేతుల మీదుగా ఇరవై మంది గెషేమా (స్త్రీలకిచ్చే గెషే) పట్టం అందుకున్నారు.

ఇక్కడ వలస పాత్ర ఏమిటి? టిబెట్‌లోనే ఉండి ఉంటే ఇది ఎప్పటికి జరిగేదో చెప్పలేం. ప్రవాసంలో మఠాధిపతులు, మంత్రులు, విద్యాశాఖ, మహిళా సంఘం అందరూ ఒకరికొకరు అందుబాటులో ఉన్నారు. పైగా బయటి ప్రపంచం చూస్తోంది, చందాలిస్తోంది, ప్రశ్నలడుగుతోంది. చిన్న సమాజంలో సిగ్గు కూడా ఒక బలమే. అయినా ప్రాజెక్టు మొదలైన ఏడాది నుంచి పట్టం దాకా ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది. స్వెటర్ల వ్యాపారం నిలదొక్కుకోవడానికి అందులో సగం కూడా పట్టి ఉండదు.

అన్నిటికంటే వెనకబడి ఉన్నది పౌరసత్వం. భారతదేశంలో 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1కి ముందు పుట్టిన ఎవరైనా పుట్టుకతోనే పౌరులని చట్టం. టిబెటన్ పిల్లల విషయంలో మాత్రం అధికారులు ఆ చట్టాన్ని చూడనట్టే నడిచారు. 1986లో కాంగ్రాలో పుట్టిన నామ్‌గ్యాల్ డోల్కర్ పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడితే, నువ్వు టిబెటన్‌వి అని తిప్పి పంపారు. ఆవిడ ఢిల్లీ హైకోర్టుకెక్కారు. 2010 డిసెంబరులో కోర్టు ఆవిడ పుట్టుకతోనే భారత పౌరురాలని తేల్చింది. ఆ తీర్పు మగా ఆడా తేడా లేకుండా ఎందరికో ఆధారమైంది. దావా వేసింది ఒక యువతి అన్నది నాకు చిన్న విషయంగా కనబడదు. తర్వాత ఆవిడ ప్రవాస పార్లమెంటుకూ ఎన్నికయ్యారు. పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళు శిబిరంలో ఉండే హక్కు, అక్కడి సాయం వదులుకోవాలని 2017లో షరతులు వచ్చాయి. అంటే పౌరసత్వం కావాలంటే అమ్మ పక్కింట్లో ఉండే హక్కు పోతుంది. ముసలి తల్లిదండ్రులను చూసుకునే బాధ్యత ఎవరిదో తెలుసు కాబట్టి, ఆ షరతు ఎవరి మీద ఎక్కువ బరువు పెడుతుందో విడమర్చి చెప్పనక్కర్లేదు.

1987 తర్వాత పుట్టినవాళ్ళలో చాలామందికి ఆ తలుపు కూడా లేదు. అందుకే చాలామంది ఇంకో వలసకు సిద్ధమవుతున్నారు. 1990 నాటి అమెరికా చట్టం వెయ్యి మంది టిబెటన్లకు వీసాలిచ్చింది. అక్కడి నుంచి మొదలై న్యూయార్క్ క్వీన్స్‌లో, టొరాంటో పార్క్‌డేల్‌లో పేటలు ఏర్పడ్డాయి. వెళ్ళిన ఆడవాళ్ళలో చాలామందికి ముందుగా దొరికిన పని ఇతరుల పిల్లలను ఆడించడం. సొంత పిల్లలు బైలకుప్పె హాస్టల్లో, అమ్మమ్మ చేతిలో.

ఈ మాట వినగానే మీకు ఉమ్మడి కడప జిల్లా గుర్తొచ్చే ఉంటుంది. రాజంపేట, రాయచోటి, అటు గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు కద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద వెళ్ళిన ఆడవాళ్ళు పంపిన డబ్బుతో ఇళ్ళు లేచాయి. ఆ ఇళ్ళ పట్టాల మీద ఎవరి పేరుందో ఒక్కొక్క వీధి తిరిగి చూడండి. మన చట్టం వాళ్ళ విషయంలో చేసిన పెద్ద పని, ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళు గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్ళరాదని కట్టడి పెట్టడం. కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. ఆకలి వయసు రుజువు అడగదు కాబట్టి ఎందరో విజిట్ వీసా మీద, ఏజెంటు చేతిలో పడి వెళ్ళారు.

దీనికి పూర్తిగా తిరగబడిన కథ మన చదువుకున్న ఇళ్ళలోనే ఉంది. అమీర్‌పేటలో కోర్సులు చేసి, మాదాపూర్‌లో ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక, భర్తకు తోడుగా వెళ్ళేవాళ్ళకిచ్చే హెచ్4 వీసా మీద అమెరికా వెళ్ళిన అమ్మాయిలు. చేతిలో ఇంజినీరింగ్ పట్టా, భారత పాస్‌పోర్టు. అయినా పని చేయడానికి అనుమతి లేదు. 2015 మే 26 నుంచి, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే భార్యకు పని అనుమతి వచ్చింది. అక్కడ ఉండడానికి ఆ అమ్మాయికి ఆయన కాగితాలే ఆధారం. దేశం లేని స్త్రీకి గల్లా పెట్టె ఉంది, దేశం ఉన్న స్త్రీకి జేబు ఖర్చు. వలస ఆడవాళ్ళకు మేలా, కీడా అని ఎవరైనా అడిగితే నేను మొదట ఏ వీసా మీద అని అడుగుతాను.

మన తెలుగు నేల మీద కాగితం బలం ఏమిటో మనకు తెలియనిది కాదు. 1985 సెప్టెంబరు నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది ఆంధ్రప్రదేశ్. కేంద్రం ఆ పని చేసింది 2005లో. చట్టం వచ్చినంత మాత్రాన వాటాలు పంచేశారని నేననను. సంతకం పెట్టి వదులుకున్న చెల్లెళ్ళు కోకొల్లలు. కాని వదులుకోవడానికైనా సంతకం కావలసి వచ్చింది. అంతకుముందు అదీ అక్కర్లేదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్న పని. 2014లో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి వీధి వ్యాపారుల చట్టం. దాని ప్రకారం పట్టణ అమ్మకపు కమిటీల్లో నలభై శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులుండాలి, అందులో మూడో వంతు మహిళలు. రెండోది కేంద్రం తెచ్చిన టిబెటన్ పునరావాస విధానం. టిబెటన్ శరణార్థులు ఏ వృత్తి అయినా చేసుకోవచ్చునని, అందుకు లైసెన్సులు, అనుమతులు ఇవ్వవచ్చునని అందులో ఉంది. అదే ఏడాది మనకు రెండు రాష్ట్రాలయ్యాయి, ఆ హడావుడిలో దీన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. సీజను వ్యాపారులు ఏటా మధ్యవర్తి ద్వారా ఖాళీ స్థలం మాట్లాడుకోవడం, నోటి మాట మీద అద్దె కట్టడం, ఎవరైనా లేవమంటే లేవడం మామూలైపోయింది. ఈ సభలో మున్సిపల్ వార్డుల్లో పనిచేసినవాళ్ళు, ట్రేడ్ యూనియన్ వాళ్ళు, వకీళ్ళు ఉన్నారు. అక్టోబరు లోపల కార్పొరేషన్‌కు మనం ఒక అర్జీ ఇవ్వవచ్చు. సీజను వ్యాపారులకు మూడు నెలల స్థలం కేటాయింపు రాతపూర్వకంగా ఉండాలి. రసీదు సంఘం పేరున గాని, భర్త పేరున గాని కాకుండా కొట్టు నడిపే మనిషి పేరున ఇవ్వాలి. అక్కడ ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండాలి. ఈ మూడూ పాలమూరు నుంచి వచ్చి అఫ్జల్‌గంజ్ పేవ్‌మెంట్ మీద జామకాయలమ్మే మనిషికీ వర్తించేలా రాశాను. తెలుగులో, ఇంగ్లీషులో ప్రతులు తెచ్చాను. సంతకం పెట్టేవాళ్ళు సభ అయ్యాక పుస్తకాల బల్ల దగ్గరికి రండి, చిరునామా కూడా రాయాలి.